జిరాకు జెంకిన్స్‌ను కలపడం ఎలా?

వరంగల్ మడికొండ ఐటీ పార్కులో ఒక చిన్న టీమ్ ఎనుమాముల మార్కెట్ కోసం మిర్చి లాట్ల లెక్క చూసే యాప్ చేస్తోందనుకుందాం. చేయాల్సిన పనుల చీటీలు, అంటే టికెట్లు, జిరాలో. కోడ్‌ను యాప్‌గా తయారుచేసి సర్వర్ మీదికి ఎక్కించే పని, అంటే బిల్డులు, డిప్లాయ్‌మెంట్లు, జెంకిన్స్‌లో. "తూకం చీటీ తప్పు సరిచేశామన్నారు, సర్వర్ మీదికి ఎక్కిందా?" అని అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు జెంకిన్స్ లాగ్ తిరగేయాలి. రెండింటినీ కలిపితే ఆ జవాబు టికెట్‌లోనే కనిపిస్తుంది.

కింది పద్ధతి జిరా క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్‌లో వాడే జిరాకు మాత్రమే. రెండు వైపులా అడ్మిన్ హక్కులు ఉండాలి.

జిరాలో: యాప్స్ మార్కెట్‌ప్లేస్ నుంచి జిరా తయారీదారు అట్లాసియన్ వారి 'జెంకిన్స్ ఫర్ జిరా' యాప్ పెట్టుకోండి. అందులో జెంకిన్స్ సర్వర్‌కు ఒక పేరిస్తే వెబ్‌హుక్ చిరునామా (సమాచారం పంపాల్సిన వెబ్ చిరునామా), సీక్రెట్ (రహస్య కీ) వస్తాయి. రెండూ కాపీ చేసుకోండి.

జెంకిన్స్‌లో: మేనేజ్ జెంకిన్స్, ప్లగిన్స్‌లోకి వెళ్లి 'అట్లాసియన్ జిరా సాఫ్ట్‌వేర్ క్లౌడ్' ప్లగిన్ ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత సిస్టమ్ పేజీలో జిరా సైట్ పేరు, వెబ్‌హుక్ చిరునామా ఇవ్వండి. సీక్రెట్‌ను 'సీక్రెట్ టెక్స్ట్' రకం క్రెడెన్షియల్‌గా చేర్చి, టెస్ట్ కనెక్షన్ నొక్కండి. సైట్ పేరు ముందు హెచ్‌టీటీపీఎస్ పెట్టొద్దు.

పేరు వెబ్‌హుక్ అయినా సమాచారం వెళ్లేది జెంకిన్స్ నుంచి బయటికే. కాబట్టి ఆఫీసు మూలన ఉన్న మామూలు పీసీలో జెంకిన్స్ నడుస్తున్నా స్టాటిక్ ఐపీ అక్కర్లేదు, రూటర్‌లో పోర్టు తెరవక్కర్లేదు. బయటికి 443 పోర్టు వెళ్తే చాలు.

పైప్‌లైన్‌లో (బిల్డు నుంచి డిప్లాయ్ దాకా దశల వరుసలో): ఆ దశలు రాసి ఉండే జెంకిన్స్‌ఫైల్ 'పోస్ట్' భాగంలో, 'ఆల్వేస్' కింద 'జిరాసెండ్‌బిల్డ్‌ఇన్ఫో' స్టెప్ పెట్టండి. 'సక్సెస్' కింద పెడితే ఫెయిలైన బిల్డులు జిరాకు చేరవు, మనకు ముందుగా తెలియాల్సినవేమో అవే. డిప్లాయ్ స్టేజ్‌లో 'జిరాసెండ్‌డిప్లాయ్‌మెంట్‌ఇన్ఫో' పెట్టి ఎన్విరాన్‌మెంట్ (యాప్ నడిచే చోటు) ఐడీ, పేరు, రకం ఇవ్వండి. రకానికి డెవలప్‌మెంట్, టెస్టింగ్, స్టేజింగ్, ప్రొడక్షన్‌లలో ఒకటి రాయాలి. ఐడీని మాత్రం ఎప్పటికీ మార్చొద్దు. మారిస్తే జిరా దాన్ని కొత్త ఎన్విరాన్‌మెంట్ అనుకుంటుంది.

ఇక్కడిదాకా అరగంట పని. తర్వాత "అంతా పచ్చగానే ఉంది, టికెట్‌లో మాత్రం ఏమీ లేదు" అనే ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. పదిలో తొమ్మిదిసార్లు తప్పు టికెట్ నంబరు దగ్గరే.

బిల్డుకు నంబరును బ్రాంచ్ (కోడ్ విడి ప్రతి) పేరులోంచి, డిప్లాయ్‌మెంట్‌కు కమిట్ (భద్రపరిచిన కోడ్ మార్పు) మెసేజ్‌లలోంచి ప్లగిన్ తీసుకుంటుంది. అందుకని 'ఈఎన్‌ఎమ్-42' లాంటి నంబరు రెండుచోట్లా ఉండాలి, అదీ పెద్దబడి అక్షరాల్లో. మల్టీబ్రాంచ్ (ప్రతి బ్రాంచ్‌కూ తనంతట తానే జాబ్ నడిపే రకం) కాని మామూలు పైప్‌లైన్ అయితే బ్రాంచ్ పేరు దానంతటదే అందదు, స్టెప్‌కు మీరే చెప్పాలి. స్క్వాష్ మెర్జ్ (కమిట్లన్నీ ఒకటిగా చేసి కలపడం) చేసేవాళ్లు పుల్ రిక్వెస్ట్ (ఆ మార్పులు కలపమనే అభ్యర్థన) శీర్షికలోనూ నంబరు రాయాలి, లేకపోతే లోపలి కమిట్లలో రాసినది పోయే అవకాశం ఉంది.

ఇంకో చిక్కు: జాబ్ మొదటిసారి నడిచినప్పుడు పోల్చడానికి పాత బిల్డు లేదు కనుక మార్పుల జాబితా ఖాళీ. అదే కమిట్‌ను మళ్లీ డిప్లాయ్ చేసినా అంతే. అప్పుడు 'ఇష్యూకీస్'లో నంబర్లు నేరుగా ఇవ్వొచ్చు.

కొందరికే కనిపించి కొందరికి కనిపించకపోతే ప్రాజెక్టు పర్మిషన్లలో 'వ్యూ డెవలప్‌మెంట్ టూల్స్' చూడండి. కరెంటు పోయి వచ్చాక కనెక్షన్ తెగితే పీసీ గడియారం చూడండి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత పీసీ ఏళ్ల కిందటి తేదీతో లేస్తుంది, సర్టిఫికెట్ తప్పని కనెక్షన్ ఆగిపోతుంది.

ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ కాగానే టికెట్ 'డన్'కు పోయేలా ఆటోమేషన్ రూల్ రాయొచ్చు గానీ, మొదట్లో తొందరపడొద్దు. ఒక టికెట్‌కు రెండు బ్రాంచ్‌లుంటే మొదటిది ఎక్కగానే అది మూసుకుపోతుంది. కొన్నాళ్లు కామెంట్ మాత్రమే పెట్టేలా ఉంచండి.