మార్టిన్స్ కోవ్‌కు సేవకు వెళ్లే పెద్ద దంపతులకు: ఎండలు ముదరకముందే ఈ జాగ్రత్తలు

ఈ మధ్య మార్టిన్స్ కోవ్ ఉన్న వయొమింగ్‌లోనే ఓ ట్రెక్ (పాతకాలపు వలసదారుల్లా మన యువత చేతిబండ్లు లాగుతూ చేసే యాత్ర) దారి మీద ఒక సీనియర్ సిస్టర్, అంటే మిషన్ సేవకు వచ్చిన పెద్దావిడ, నిలబడ్డ చోటే కుప్పకూలారు. గుండెపోటేమోనని అందరూ హడలిపోయారు. కాదు. పొద్దున్నుంచీ ఆవిడ గొంతు దిగింది అరగ్లాసు నీళ్లు. బాత్రూం దూరమని తాగలేదట. బతికి బయటపడ్డారు కాబట్టి ఈ నాలుగు మాటలు ధైర్యంగా రాయగలుగుతున్నాను. 2016 జూన్‌లో ఓక్లహోమాలో మన సంఘం (యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం, బయటివాళ్లు మోర్మన్లంటారు) యువత ట్రెక్‌కు తోడుగా వెళ్లిన ఓ సహోదరి ఎండదెబ్బకు ప్రాణమే పోగొట్టుకుంది.

పిల్లల దగ్గర అమెరికాలో స్థిరపడి, రిటైరయ్యాక మిషన్ పిలుపు అందుకున్న మన తెలుగు దంపతుల కోసం ఇది. టోపీ పెట్టుకోండి, సన్‌స్క్రీన్ రాసుకోండి లాంటివి మీ కోడలే చెబుతుంది, నేను చెప్పను.

మార్టిన్స్ కోవ్ కథ మీకు తెలుసు. 1856లో యూటాకు ఆలస్యంగా బయల్దేరిన మన సంఘం వలసదారుల మార్టిన్ బృందం, అయిదొందల మందికి పైగా, చేతిబండ్లు లాక్కుంటూ వస్తుంటే అక్టోబరు 19న మంచు తుఫాను కమ్ముకుంది. నవంబరు మొదట్లో స్వీట్‌వాటర్ నది దాటి ఆ కొండ మడతలో తలదాచుకున్నారు. ఆ ప్రయాణం మొత్తం మీద వందమందికి పైగా చనిపోయారు. ఆ కథ విని విని మన బుర్రలో ఆ చోటంటే చలి అని ముద్ర పడిపోయింది. అందుకే సూట్‌కేసు నిండా స్వెట్టర్లు పెట్టుకొస్తాం. కానీ యువత బండ్లు లాగడానికి వచ్చేది జూన్, జూలైల్లో. మీరు వాళ్లకు దారి చూపిస్తూ, కథ చెబుతూ నిలబడేది చెట్టు నీడ లేని, సేజ్‌బ్రష్ పొదలు తప్ప ఏమీ లేని మైదానంలో.

అక్కడి ఎండ మన ఎండలాంటిది కాదు. బెజవాడలో చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది, "ఇక చాలు, నీడకు పో" అని ఒళ్లే హెచ్చరిస్తుంది. ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది, పైగా ఆగకుండా వీస్తుంది. చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఎత్తు దాదాపు 6,000 అడుగులు. మన హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల చిల్లర. ఆ ఎత్తులో ఊపిరితోనే ఒంట్లో నీరు పోతుంది. దానికి తోడు వయసు పైబడ్డాక దాహం వేయడం తగ్గుతుంది. దాహమేసినప్పుడు తాగుదాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం.

అసలు సంగతికి వస్తాను. మనవాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను, పడేసేది పాము కాదు, పిడుగు కాదు. నీళ్లు మానేయడం. బస్సు ప్రయాణమైనా, పెళ్లైనా, ఉపవాస ప్రార్థన కూటమైనా చిన్నప్పటి నుంచీ మనకు అదే అలవాటు: "మళ్లీ బాత్రూం ఎక్కడ వెతుక్కుంటాం" అని గొంతు తడుపుకుని ఊరుకోవడం. ఇక్కడ పొడుగు లంగా, దూరంగా టాయిలెట్, వెనక వందమంది పిల్లలు. ఆ అలవాటు మళ్లీ పైకొస్తుంది. రానివ్వకండి. బృందం ఆగాల్సి వస్తే ఆగుతుంది. పద్నాలుగేళ్ల పిల్లలకు అయిదు నిమిషాల విశ్రాంతి ఇచ్చినందుకు ఎవరూ మిమ్మల్ని తిట్టరు.

ఇంకో రకం ఉన్నారు. వీళ్లు బాత్రూం భయంతో నీళ్లు మానరు, మాత్ర మానేస్తారు. బీపీ మాత్ర పేరు చివర "హెచ్" ఉందేమో చూసుకోండి. టెల్మా హెచ్ లాంటి వాటిలో ఆ హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు. షుగరుకు వాడే డపాగ్లిఫ్లోజిన్ కూడా నీటిని బయటికి పంపేదే. ఇలాంటివి వేసుకుంటూ ఎండలో నిలబడితే ఒళ్లు త్వరగా ఎండిపోతుంది. అలాగని మీ అంతట మీరు మానేస్తే బీపీ ఎగబాకుతుంది. బయల్దేరకముందే డాక్టరుకు చెప్పండి: ఎత్తైన చోటు, రోజంతా ఎండ, నడక. మోతాదు, వేళ ఆయనే నిర్ణయిస్తాడు. గుండె, కిడ్నీ జబ్బులుంటే రోజుకెన్ని నీళ్లు, ఎంత ఉప్పు అన్నదీ ఆయన్నే అడగండి.

ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగినా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు తీసుకెళ్లండి, పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. మజ్జిగ దొరికితే అంతకంటే కావలసిందేముంది. సోడా డ్రింకు నీళ్ల కింద లెక్క కాదు.

భార్యాభర్తలు ఒకరినొకరు కనిపెట్టుకోవాలి. ఆయన ఊరికే విసుక్కుంటున్నారా, ఆవిడకు తలనొప్పా, లేవగానే కళ్లు తిరుగుతున్నాయా, మధ్యాహ్నమైనా ఒక్కసారీ బాత్రూంకు వెళ్లలేదా? అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదది. మూత్రం ముదురు పసుపైతే నీళ్లు చాలనట్టే. మాట తడబడుతోందంటే, ఎక్కడున్నారో తెలియనట్టు చూస్తున్నారంటే, అది అలసట కాదు. నీడకు చేర్చండి, బట్టలు తడపండి, గాలి విసరండి, వెంటనే కబురు పెట్టండి. తెలివిలో లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. క్యాస్పర్ ఆసుపత్రులు 50 మైళ్లకు పైనే, సాయం వచ్చేలోపు చేయాల్సింది మీరే.

ఇక మిగతావి.

ఉరుము వినబడగానే కథ ఆపేయండి. మూసిన కారులోకో భవనంలోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకండి. రాతి కింద, ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు.

రాళ్ల మధ్య, పొదల్లో చేయి పెట్టకండి. ర్యాటిల్ పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు తీసేయండి, వాచిపోయాక రావు. కదలకుండా ఉంచి తీసుకెళ్లండి.

రాత్రి స్నానం చేసేటప్పుడు పిడుదులు చూసుకోండి. చంకలు, మోకాళ్ల వెనక, జుట్టులో. పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నేరుగా లాగండి.

జూన్ మొదట్లో స్వీట్‌వాటర్‌ను చూసి కాలువే కదా అనుకోకండి. కొండల మీద మంచు కరిగి వచ్చే నీళ్లవి. దిగొద్దు.

ఇన్సులిన్ కారులో వదలొద్దు.

మందుల పేర్లు, అలర్జీలు ఇంగ్లిషులో రాసి జేబులో పెట్టుకోండి, ఇద్దరి జేబుల్లోనూ.

వాకీటాకీ లేకుండా కదలొద్దు. సెల్‌ను నమ్ముకోవద్దు.

ఇన్సూరెన్సు పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో సంతకానికి ముందే చదవండి. కొడుకు చూసుకున్నాడులే అంటే కుదరదు.

చేరిన మొదటి రెండు మూడు రోజులు బండి లాగే సరదా వద్దు.

నెలకోసారి వచ్చే ఉపవాస ఆదివారం నాడు ఎండలో డ్యూటీ పడితే ఉపవాసం ఉండకండి. ఒంటికి సరిపడనివాళ్లను మన సంఘం బలవంతపెట్టదు.

నీళ్లు తాగండి. దాహం లేకపోయినా తాగండి. బాత్రూం దూరమైనా తాగండి.

ఒంట్లో బాగోకపోతే ఆ పూటే చెప్పండి, సాయంత్రం దాకా ఆగకండి.