ఆయాసం నోటుబుక్కు, 3వ పాఠం: బలం పొడికీ ఒక గడి

పోయిన పాఠంలో, ఊపిరి ఎంత జోరుగా వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఊదడం నేర్చుకున్నాం. నిలబడి, నిండుగా గాలి పీల్చి, ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లలో పెద్ద అంకె రాసుకోవాలి. ఈ వారం ఆ అంకె పక్కన ఇంకో గడి గీయండి. విటమిన్ మాత్ర, చేపనూనె, కషాయం, లేహ్యం, ఏది తీసుకున్నా అందులో రాయండి.

తిరుపతి కొర్లగుంటలో ఉండే మా అత్తకు ఈ మాట చెబితే, "బలానికి తినే పొడి గదా నాయనా, దాన్నీ రాసేదెందుకు?" అనింది. అయినా రాసింది. ఒంట్లో బాగున్నప్పుడు ఆమె 340 ఊదుతుంది. ధనుర్మాసంలో ఒక పొద్దున 260కి పడిపోయింది. ముక్కు కారడం, రాత్రంతా దగ్గు. మంచు వల్లేనని అందరం అనుకున్నాం. పుస్తకం తిరగేస్తే, ముందురోజు గడిలో వంకర అక్షరాలతో "పుప్పొడి, ఒక చెంచా" అని ఉంది. తేనెటీగలు తెచ్చే పూల పుప్పొడి. అలర్జీకి మంచిదని ఎవరో ఇచ్చారట.

పుప్పొడి పడని మనిషికి దాన్నే చెంచాతో పెట్టడం ప్రమాదం. తేనెపట్టు నుంచే తీసే రాయల్ జెల్లీ, ప్రొపోలిస్ కూడా అంతే, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. అత్త మానేశాక నాలుగు రోజులకు 320 వచ్చింది. మంచు కూడా తగ్గింది కాబట్టి, పుప్పొడే కారణమని ఒట్టేసి చెప్పలేను. పరీక్ష కోసం మళ్లీ తిని చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. మీరూ ఆ పని చేయకండి.

కొత్తది ఏదైనా డాక్టరును అడిగాకే, ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి. రెండు వారాలు అంకె చూశాకే రెండోది. రెండూ కలిపి మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు. అంకె తగ్గి ఉన్న వారంలో అసలు వద్దు. రోజూ వాడే ఇన్‌హేలర్‌ను మాత్రం పొడి మీద నమ్మకంతో తగ్గించకండి. ఈ తప్పు నేను చాలా ఇళ్లలో చూశాను, బాధేస్తుంది.

అతిమధురం రోజుల తరబడి తింటే ఒంట్లో పొటాషియం తగ్గుతుంది, స్టెరాయిడ్ మాత్రలతో కలిస్తే ఇంకా ఎక్కువ. ఆయాసానికి థియోఫిలిన్ అనే మందు వాడేవాళ్లు మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూళ్ల గురించి ముందే అడగాలి.

ఇంటిపని: మీ మంచిరోజు అంకెలో 80 శాతం, 50 శాతం లెక్కగట్టి అట్ట మీద రాయండి. అత్తకైతే 272, 170. మొదటిదానికి కింద పడితే డాక్టరు రాసిచ్చిన ప్రకారం చేయండి. రెండోదానికి కింద పడితే రిలీవర్ (ఆయాసం వచ్చినప్పుడు వాడే ఇన్‌హేలర్) పీల్చి, వెంటనే 108కి ఫోన్ చేయండి. రుయా ఆసుపత్రికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా ఈ పుస్తకం, మీరు తినే పొడుల, మాత్రల డబ్బాలు వెంట తీసుకెళ్లండి.