వెజ్ నూడుల్స్ ముద్దవ్వకుండా ఇంట్లో చేసుకోవడం

ఇంట్లో చేసిన నూడుల్స్ బండి మీద వాటిలా రావట్లేదంటే తప్పు సాస్‌లది కాదు, తడిది. నేను మొదటిసారి చేసినప్పుడు ఉడికించి వార్చిన నూడుల్స్‌ని వేడివేడిగా గిన్నెలోనే వదిలేసి, అప్పుడు కూరగాయలు తరగడానికి కూర్చున్నాను. పావుగంటయ్యాక చూస్తే గిన్నె ఆకారంలోనే ఒక్క ముద్ద! అట్లకాడతో విడగొట్టి ఎలాగో వేయించి పెడితే మా అత్తయ్య తిని "సేమ్యా ఉప్మా బానే ఉందమ్మా" అన్నారు. అప్పటి నుంచి తరుగుడంతా అయ్యాకే పొయ్యి వెలిగిస్తున్నాను.

నలుగురికి 200 గ్రాముల హక్కా నూడుల్స్ సరిపోతాయి, మసాలా పొట్లంతో వచ్చే ఇన్‌స్టంట్‌వి దీనికి పనికిరావు. ఒక పెద్ద క్యారెట్, పది బీన్స్, ఒక క్యాప్సికం, చిన్న క్యాబేజీలో పావు వంతు, ఒక ఉల్లిపాయ, ఐదారు వెల్లుల్లి రెబ్బలు, దొరికితే ఉల్లికాడలు. వెల్లుల్లి, ఉల్లికాడలు తప్ప అన్నీ సన్నగా, పొడుగ్గా తరగండి. త్వరగా వేగుతాయని మాత్రమే కాదు, ముక్కలు నూడుల్స్‌లో కలిసిపోయేంత సన్నగా ఉంటే పిల్లలు ఏరి కంచం అంచుకి పెట్టలేరు, మా ఇంట్లో బీన్స్ చెల్లుబాటయ్యేది ఇలాగే.

రెండు లీటర్ల నీళ్లు బాగా మరిగాక చెంచా ఉప్పు, నూడుల్స్ వేసి, ప్యాకెట్ మీద రాసిన టైమ్ కంటే ఒక నిమిషం ముందే ఒక పోగు తీసి కొరికి చూడండి. మధ్యలో తెల్లటి చుక్క సన్నగా కనబడుతుంటే అదే సమయం, వెంటనే చిల్లుల గిన్నెలో వార్చి చన్నీళ్లు పోసేయాలి. నీళ్లు పూర్తిగా కారిపోయాక చెంచా నూనె పట్టించి పెద్ద పళ్లెంలో పరిచి పది నిమిషాలు ఫ్యాన్ కింద పెట్టండి. చాలామంది వదిలేసేది ఈ పది నిమిషాలే.

ఇనుప మూకుడు ఉంటే అదే తీయండి. పెద్ద మంట మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయేంత వేడెక్కాక మూడు చెంచాల నూనె పోయండి (మామూలు వంటనూనె చాలు, మన పప్పునూనె, అంటే నువ్వుల నూనె, వేస్తే చైనా వంట వాసన రాదు, వాళ్లు వాడేది వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె). వెల్లుల్లి తరుగు పది సెకన్లు, ఉల్లిపాయ అర నిమిషం, తర్వాత బీన్స్, క్యారెట్ రెండు నిమిషాలు, చివర్లో క్యాప్సికం, క్యాబేజీ ఒక్క నిమిషం. మూత పెట్టొద్దు, మంట తగ్గించొద్దు, ఉప్పు కూడా ఇప్పుడే వద్దు, వేస్తే క్యాబేజీ నీళ్లు వదిలి అంతా కూరలా ఉడుకుతుంది. ఇంటికి చుట్టాలొచ్చి ఎక్కువ చేయాల్సొస్తే రెండు వాయిలుగా చేయండి, మూకుడు నిండితే వేగడం ఉండదు.

సోయాసాస్ రెండు చెంచాలు, వెనిగర్ ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా ముందే ఒక గిన్నెలో కలిపి ఉంచుకోండి. నూడుల్స్ వేశాక అది మూకుడు అంచుల చుట్టూ పోసి, రెండు గరిటెలతో కింద నుంచి పైకి ఎత్తి వేస్తూ కలపాలి, ఒక్క గరిటెతో తిప్పితే తెగిపోతాయి. సోయాలోనే ఉప్పు బోలెడు ఉంటుంది కాబట్టి రుచి చూశాకే మరి కాస్త. అజినమోటో నేను వేయను, లేకపోయినా ఎవరూ అడగలేదు.

పిల్లల వాటా ఇక్కడే తీసి పక్కన పెట్టేయండి. మిగిలినదాంట్లో చిల్లీసాస్, చీలికలు చేసిన పచ్చిమిర్చి వేసి ఇంకో అర నిమిషం వేయిస్తే పెద్దవాళ్లకి. పైన ఉల్లికాడల తరుగు. కావాలంటే రెండు గుడ్లు విడిగా పొరటు చేసి కలుపుకోవచ్చు.

బాక్సులోకి పెట్టేటప్పుడు మాత్రం పూర్తిగా చల్లారాకే మూత వేయండి, లేదంటే ఆవిరికి మధ్యాహ్నానికల్లా మెత్తబడిపోతాయి.