ఫ్యూయల్ పంపు పోయిన పాత డీజిల్ కారు చవగ్గా కొనడం ఎలా?

"పంపు ఒక్కటే పోయిందండీ, మిగతాదంతా బంగారం." ఆగిపోయిన డీజిల్ కారు అమ్మేవాళ్లు చెప్పే మాట ఇదే. అబద్ధం కాకపోవచ్చు, కానీ చాలాసార్లు అది ఎవరో మెకానిక్ బండి విప్పకుండా వేసిన అంచనా. మీరు తేల్చుకోవాల్సింది, ఆ పంపు పోతూ పోతూ ఇంకేం పాడుచేసిందని.

1. ముందు ఏ పంపో అడగండి. కామన్ రైల్ కార్లలో ఒత్తిడి పెట్టిన డీజిల్ ‘రైలు’ అనే ఒకే గొట్టంలో చేరి, అక్కడి నుంచి దాన్ని సిలిండర్లలోకి చిమ్మే ఇంజెక్టర్లకు వెళ్తుంది. వీటిలో చాలావాటికి రెండు పంపులుంటాయి. ట్యాంకులోని చిన్న ఎలక్ట్రిక్ పంపు డీజిల్‌ను ముందుకు తోస్తుంది. ఇంజిన్‌కు బిగించిన హై ప్రెషర్ పంపు దాన్ని 1,600 బార్, కొత్త ఇంజిన్లలో 2,000 బార్ దాటేదాకా ఒత్తుతుంది. చిన్నదే పోయి ఉంటే ఖర్చు తక్కువ. ఒక్కోసారి ఫ్యూజు, రిలే మారిస్తే సరిపోతుంది.

2. ఫ్యూయల్ ఫిల్టర్ విప్పించండి. నన్నడిగితే సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది. కామన్ రైల్ పంపు లోపలి భాగాలకు మామూలుగా డీజిలే కందెన. పొరపాటున పెట్రోల్ పోసినా, డీజిల్‌లో నీళ్లు చేరినా ఆ జిడ్డు పోయి లోహం లోహాన్ని గీరుతుంది. ఫిల్టర్‌లోని డీజిల్‌ను గాజు సీసాలో పోసి వెలుతురులో పెట్టి చూడండి. అడుగున సన్నటి మెరుపు పొడి కనిపిస్తే అది లోహపు రజను.

ఫిల్టర్ పంపుకు ముందుంటుంది కదా, రజను అక్కడికెలా వచ్చింది? మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ పైపులోంచి ట్యాంకుకు పోయి, మళ్లీ డీజిల్‌తో పాటు వచ్చింది. అంటే రైలు, ఇంజెక్టర్లు, ట్యాంకు అన్నింటినీ చుట్టేసినట్టే. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా సంబరపడొద్దు, ఈమధ్యే మార్చి ఉండొచ్చు. పంపు మీదుండే కంట్రోల్ వాల్వ్ తీయించి దాని జాలీ కూడా చూడండి.

3. రజను లేకపోతే స్కానర్ (బండి కంప్యూటర్‌లోని రీడింగులు, లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టించండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు రైల్ ప్రెషర్ సుమారు 200 బార్ దాకా రాకపోతే చాలా ఇంజిన్లు స్టార్ట్ కావు. పీ0087 కోడ్ అంటే ప్రెషర్ తక్కువని మాత్రమే, పంపు పోయిందని కాదు. ఒక్క ఇంజెక్టర్ ఎక్కువగా రిటర్న్ వదిలినా అదే కోడ్ వస్తుంది. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు చిన్న సీసాలు తగిలించి, ఏది ఎక్కువ నిండుతుందో చూస్తే దొంగ దొరుకుతాడు. హై ప్రెషర్ పైపులను మాత్రం వదులు చేసి సెల్ఫ్ కొట్టొద్దు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

4. ఇంజిన్ సంగతి. కొన్ని కార్లలో ఈ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. పంపు బిగుసుకుపోతే బెల్టు తెగి, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోవచ్చు. అందుకే మూడో అంచె కన్నా ముందే, క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పించండి. ఎక్కడైనా ఆగితే బలవంతం చేయొద్దు. ఈథర్ స్ప్రే కొట్టి స్టార్ట్ చేసి చూపిస్తామంటే వద్దనండి. గ్లో ప్లగ్గులు (స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్లను వేడిచేసేవి) ఉన్న ఇంజిన్‌కు అది ప్రమాదం.

5. బేరం. అదే మోడల్, అదే వయసు, నడిచే కారు ధర తీసుకుని, అందులోంచి రిపేరు, బండి లాక్కెళ్లే ఖర్చు తీసేయండి. రజను ఉంటే లెక్కలో పంపుతో పాటు ఇంజెక్టర్లు, రైలు, పైపులు, ట్యాంకు కడగడం కూడా వేయాలి. చాలా పాత కార్లకు ఇది బండి విలువనే మించిపోతుంది. ఫిల్టర్ విప్పనివ్వకపోతే రజను ఉన్నట్టే లెక్క కట్టండి. కాగితాల్లోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీదివాటితో కలిశాకే డబ్బివ్వండి.

కొన్నాక కొత్త పంపు వేయించేటప్పుడు పక్కనే నిలబడండి. సెల్ఫ్ కొట్టేముందు లైన్లో గాలి తీసి పంపులోకి డీజిల్ నింపాలి. హడావుడిలో ఈ పని వదిలేస్తే కొత్త పంపు పొడిగా తిరిగి మళ్లీ రజను మొదలవుతుంది.