టేబుల్‌టాప్ ఆటల్లో పోరాటం రూల్స్ ఎలా నేర్చుకోవాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి, డైస్ వేస్తూ కథ నడిపే ఆట. అది ఆడటానికి కూర్చున్న కొత్తవాళ్లు కథ నడిచినంతసేపూ హుషారుగానే ఉంటారు. కథ నడిపించే డంజన్ మాస్టర్ "ఇనిషియేటివ్ వేయండి" (పోరులో ఎవరి వంతు ముందో తేల్చే డైస్ వేయండి) అనగానే టెన్షన్ మొదలవుతుంది. రూల్ పుస్తకంలో పోరాటం అధ్యాయాన్ని బట్టీపట్టినా అది బుర్రకెక్కదు. దానికన్నా ఇంట్లో ఒక్కరే కూర్చుని ఒక గోబ్లిన్‌తో (కథల్లో కనిపించే చిట్టి రాక్షసుడు) ఉత్తుత్తి పోరు ఆడి చూడండి. ఇక్కడి లెక్కలు 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌వి.

1. కాగితం మీద ఇద్దరిని రాసుకోండి

మీ వీరుడికి హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే అంకె) 12, ఆర్మర్ క్లాస్ (అతనికి దెబ్బ తగలాలంటే శత్రువు దాడి మొత్తం చేరాల్సిన అంకె) 16, దాడికి +5, అంటే దాడి డైస్‌కి 5 కలపాలి. కత్తి దెబ్బకి 8 ముఖాల డైస్, దానికి 3 కలపాలి. గోబ్లిన్‌కి హిట్ పాయింట్లు 7, ఆర్మర్ క్లాస్ 15, దాడికి +4. దాని దెబ్బకి 6 ముఖాల డైస్, దానికి 2 కలపాలి. దాడులకి 20 ముఖాల డైస్ ఒకటి కావాలి.

2. వరుస తేల్చండి

ఇద్దరికీ 20 ముఖాల డైస్ వేసి, డెక్స్‌టెరిటీ మాడిఫయర్ (చురుకుదనానికి కలిపే అంకె) కలపండి. ఎక్కువ వచ్చినవారిది ముందు టర్న్. పోరు ముగిసేదాకా ఇదే వరుస, రౌండ్ రౌండ్‌కీ మళ్లీ వేయక్కర్లేదు.

3. టర్న్‌లో ఏం చేయొచ్చో చూసుకోండి

ఒక రౌండ్ అంటే కథలో 6 సెకన్లు. ఆ కాస్త సమయంలో మీకు దక్కేవి నడక, ఒక యాక్షన్. చాలామందికి నడక 30 అడుగులు, అంటే 5 అడుగుల గడులు ఆరు. మూడు గడులు వెళ్లి, కొట్టి, మిగతా మూడు గడులూ నడవొచ్చు. యాక్షన్ అంటే దాడి ఒక్కటే కాదు. మంత్రం వేయడం, పరుగెత్తడం, దెబ్బలు తప్పించుకునే పనిలో ఉండటం కూడా యాక్షన్లే. బోనస్ యాక్షన్ అందరికీ ఉండదు. మీ పాత్ర వివరాలన్నీ రాసుకునే షీట్‌లో ఏదైనా శక్తి దాన్ని ఇస్తేనే ఉంటుంది. లేనిదాని కోసం వెతుక్కుంటూ అందరినీ కూర్చోబెట్టకండి.

4. కొట్టండి

డైస్ మీద 11 పడిందనుకుందాం. 5 కలిపితే 16. గోబ్లిన్ ఆర్మర్ క్లాస్ 15 కాబట్టి దెబ్బ తగిలింది. ఇప్పుడు 8 ముఖాల డైస్ వేస్తే 2 పడింది, 3 కలిపి 5. గోబ్లిన్‌కి ఇంకా 2 మిగిలాయి. ఇప్పుడు దాని వంతు: 12 పడింది, 4 కలిపితే 16. మీ ఆర్మర్ క్లాస్ కూడా 16. తగిలినట్టా, లేనట్టా? తగిలినట్టే. సమానమైతే దాడి చేసినవాడిదే పైచేయి. బల్ల దగ్గర ఎక్కువగా వాదన లేచేది ఇక్కడే.

డైస్ మీదే 20 పడితే దెబ్బ ఖాయం, పైగా డ్యామేజ్ డైస్ రెండింతలు వేస్తారు. మీ వీరుడైతే 8 ముఖాల డైస్ రెండుసార్లు వేసి, 3 మాత్రం ఒక్కసారే కలపాలి. 1 పడితే ఏం కలిపినా గురి తప్పినట్టే.

5. వెనక్కి తగ్గే ముందు ఆలోచించండి

శత్రువు చేతికి అందే దూరం నుంచి ఊరికే నడిచి బయటపడితే, అతను తన రియాక్షన్ (ఇతరుల టర్న్‌లోనూ చటుక్కున చేయగలిగే పని) వాడి మిమ్మల్ని ఒక దెబ్బ వేయొచ్చు. అది వద్దనుకుంటే యాక్షన్ ఖర్చుపెట్టి డిసెంగేజ్ (ఆ దెబ్బ పడకుండా జాగ్రత్తగా తప్పుకోవడం) చేయాలి. రియాక్షన్ రౌండ్‌కి ఒక్కటే. అది మీకూ ఉంది, పక్కవాళ్ల టర్న్‌లో ఫోన్ చూస్తూ కూర్చుంటే చేజారిపోతుంది.

6. సున్నాకి పడితే

గోబ్లిన్ హిట్ పాయింట్లు సున్నా అయితే మామూలుగా చచ్చినట్టే. మీ వీరుడు మాత్రం స్పృహ తప్పి పడిపోతాడు. ఆపై తన ప్రతి టర్న్‌లోనూ 20 ముఖాల డైస్ వేయాలి. 10 లేదా అంతకన్నా ఎక్కువైతే గెలుపు, తక్కువైతే ఓటమి. మూడు గెలుపులు ముందు వస్తే ప్రాణం నిలబడుతుంది, మూడు ఓటములు ముందు వస్తే పోతుంది. 1 పడితే రెండు ఓటముల కింద లెక్క. 20 పడితే ఒక హిట్ పాయింట్‌తో కళ్లు తెరుస్తాడు. ఈలోగా ఎవరైనా ఒక్క పాయింట్ వైద్యం చేసినా చాలు, స్పృహ వస్తుంది. కానీ ఇంకా నేల మీదే ఉంటాడు, లేచి నిలబడటానికి ఆ టర్న్ నడకలో సగం ఖర్చవుతుంది.