ఇంటి కప్పు కారినా, ఉడికినా, ఎగిరినా: సమస్య - పరిష్కారం

ఏ ఊరి కప్పైనా అక్కడి వానను, గాలిని, దొరికే సామానును బట్టే రూపు దిద్దుకుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా ఇబ్బంది మొదలవుతుంది. రిపేరుకు మేస్త్రీని పిలిచే ముందు ఏది తప్పిందో చూసుకోండి, డబ్బు వృథా కాదు.

సమస్య: పెంకుటిల్లు గాలివానకు మాత్రమే కారుతోంది

మామూలు వానకు కారని ఇల్లు ఈదురుగాలి వచ్చినప్పుడే కారితే ముందు వాలును అనుమానించాలి. పెంకుల మధ్య సందులు ఎప్పుడూ ఉంటాయి. పై పెంకు అంచు కింది పెంకు మీదికి వచ్చేలా పేరుస్తారు కాబట్టి, నీరు ఆగకుండా జారిపోయినంతకాలం లోపలికి రాదు. బెంగుళూరు పెంకులకు సుమారు 30 డిగ్రీల వాలు పెట్టేది ఇందుకే. వాలు తగ్గితే నీరు నెమ్మదిస్తుంది, గాలి దాన్ని వెనక్కి నెట్టి సందుల్లోకి ఎక్కిస్తుంది. (తాటాకు తడి పట్టి కుళ్లుతుంది కాబట్టి దానికి వాలు ఇంకా ఎక్కువ, 45 డిగ్రీల దాకా కావాలి.)

వీధిలో నిలబడి నడికొప్పు (రెండు వాలులు పైన కలిసే అంచు) చూడండి. మధ్యలో కుంగి కనిపిస్తే దూలమో వాసమో చెదలు పట్టి వంగినట్టే.

పరిష్కారం: అంతమేర పెంకులు దించి, పుచ్చిన కర్ర మార్చి, రీపర్లు (పెంకులు ఆనే సన్నని కర్రబద్దలు) సమంగా కొట్టించి, బాగున్న పెంకులనే తిరిగి పేర్చండి. పైన సిమెంటు మాత్రం పూయించొద్దు. అది ఎండకు బీటలిస్తుంది. పైగా పగిలిన ఒక్క పెంకును తీసి మార్చుకునే వీలు పోతుంది. పెంకుటింటికి ఉన్న గొప్ప సుగుణమే ఆ వీలు!

సమస్య: స్లాబు కింద చెమ్మ మరకలు, ఊడుతున్న పెచ్చులు

డాబా బల్లపరుపుగా కనిపించినా నూరు అడుగులకు కనీసం ఒక అడుగు వాలు ఉండాలి. నీళ్లు నిలిస్తే సన్నని పగుళ్ల గుండా ఇనుము దాకా దిగుతాయి. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, కింది కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది.

వాన వెలిశాక ఓ గంటకు పైకెక్కి, నీళ్లు నిలిచినచోట చుట్టూ సుద్దముక్కతో గీయండి. మరకకు సరిగ్గా పైనే పగులు ఉంటుందనుకోకండి, నీరు పక్కకు పాకి దిగుతుంది. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను, తూము చుట్టూ ఉన్న అంచును తప్పక చూడండి.

పరిష్కారం: తూములో చెత్త తీసి, గీత గీసినచోట వాలు మళ్లీ పోయించి, పిట్టగోడ మూల గుండ్రంగా వచ్చేలా సిమెంటు పట్టించి, ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. కింద నుంచి పుట్టీ, రంగు వేస్తే మరక కొన్నాళ్లు దాక్కుంటుంది, అంతే. పెచ్చులు ఊడి చువ్వలు బయటపడితే ఇంజనీరుకు చూపించాలి.

సమస్య: పై అంతస్తు రాత్రి కూడా ఉడికిపోతోంది

పగలంతా తాగిన వేడిని కాంక్రీటు రాత్రి గదిలోకి వదులుతుంది. ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. రాయలసీమ మట్టి మిద్దెలో మందపాటి మట్టి వేడిని అంత తొందరగా దిగనివ్వదు. వానలు తక్కువ కాబట్టి అక్కడ అది నిలిచింది. అదే మిద్దె కోనసీమలో కడితే వానకు కరిగిపోతుంది.

సమస్య: తుఫానుకు రేకులు లేచిపోతున్నాయి

గాలి కప్పు మీదుగా పోతూ రేకును పైకి లాగుతుంది. అంచుల్లో, మూలల్లో, నడికొప్పు దగ్గర ఆ లాగుడు ఎక్కువ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖవాసులు దీన్ని కళ్లారా చూశారు. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు గుండ్రంగా, చూరు నేలకు దగ్గరగా ఉండేది గాలికి పట్టు దొరకకూడదనే.

పరిష్కారం: అంచుల్లో, మూలల్లో బోల్టులు దగ్గర దగ్గరగా వేయించి, రేకు కింది ఇనుప పైపులను గోడకు గట్టిగా బిగించండి. వరండా రేకు ఇంటి కప్పుతో కలవకుండా విడిగా ఉంటే, అది పోయినా ఇల్లు మిగులుతుంది. కొత్తగా కట్టేవాళ్లు రెండు వైపుల వాలు కన్నా నాలుగు వైపుల వాలు పెట్టుకోవడం మేలు.

పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, సొంతంగా కోయడం, రంధ్రాలు వేయడం వద్దు. వాటి మీద నేరుగా కాలు పెట్టినా విరుగుతాయి, ఎక్కేవాళ్లు కింద ఇనుప పైపుల మీద ఆనేలా పొడవాటి పలక వేసుకునే ఎక్కాలి.