ఫ్లేవర్ టీ రుచి తెలియాలంటే కప్పు చల్లారనివ్వాలి

ప్యాకెట్ కత్తిరించగానే గుప్పుమన్న వాసనకే నాలుగు నక్షత్రాలు ఇచ్చేయడం అత్తరు సీసా మూత తీసి మార్కులేసినట్టే. ఫ్లేవర్ టీలో రెండు వస్తువులుంటాయి: అడుగున ఆకు, పైన సువాసన. వేడి కప్పులో సువాసనే ముందుకొచ్చి ఆకును కనపడనివ్వదు. పాతబడిన ఆకును, నూకను దాచడానికి వనిల్లా, గులాబీ లాంటి ముసుగులు ఇంకెక్కడా దొరకవు. కాబట్టి రుచి చూసే పనంతా ఆ ముసుగు తీయడం చుట్టూనే తిరుగుతుంది.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. ఒకే సైజు తెల్ల పింగాణీ కప్పులు నాలుగైదు, వాటికి మూతలు (సాసర్ బోర్లిస్తే చాలు), 0.1 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ తూకం, ఫోన్లో టైమర్. స్టీలు గ్లాసులో రంగు తెలియదు, అంచు వేడికి పెదవి కాలి రుచి మీద ధ్యాస పోతుంది. రోజూ పాలటీ వడకట్టే ప్లాస్టిక్ జాలి మాత్రం వద్దు. దానికి పట్టిన యాలకుల వాసన ఎంత తోమినా పోదు. ఈ పనికి విడిగా ఒక స్టీలు జాలి ఉంచుకోండి.

తూకం ఎందుకంటే చెంచా మోసం చేస్తుంది. టీస్పూన్ సీటీసీ గింజలు (పాలటీకి వాడే మామూలు గుండ్రటి పొడి) సుమారు రెండున్నర గ్రాములు తూగితే, వదులుగా ఉన్న పెద్దాకు గ్రీన్ టీ అదే చెంచాకు గ్రాము కూడా రాకపోవచ్చు. చెంచా లెక్కన రెండూ కాచి "ఇది పలచగా ఉంది" అని రాస్తే తప్పు ఆకుది కాదు. ఇంకొకటి, పువ్వులు, పండు ముక్కలు, మసాలా కలిపిన ప్యాకెట్‌లో బరువైనవి అడుక్కి దిగిపోతాయి. తీసే ముందు ప్యాకెట్‌ను నాలుగైదు సార్లు తిరగేసి మరగేసి, మధ్యలోంచి తీయండి.

నీళ్ల దగ్గరే సగం రివ్యూలు చెడిపోతాయి. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. బ్లాక్ టీ మీద గోధుమరంగు పొర కడుతుంది, కదిపితే పెంకుల్లా చిట్లుతుంది. రంగు ముదిరి మసకబారుతుంది, నిమ్మ, బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు) లాంటి పుల్లటి వాసనలు అణిగిపోతాయి. అలాగని టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 20, 30కి దింపేసిన ఆర్‌ఓ నీళ్లు వాడితే టీ చప్పగా, డొల్లగా ఉంటుంది. 50కీ 150కీ మధ్య ఉన్న నీళ్లు బాగుంటాయి. ఏ నీళ్లయినా సరే, పోల్చే టీలన్నిటికీ అవే వాడాలి, ప్రతిసారీ కొత్తగా మరగబెట్టాలి.

ఇక గదీ, నోరూ. అగరుబత్తి, తాలింపు, రూమ్ ఫ్రెష్‌నర్, చేతికి రాసుకున్న క్రీమ్ అన్నీ అడ్డమే. జడలో మల్లెపూలు పెట్టుకుని జాస్మిన్ టీకి మార్కులేయకూడదు! ఆవకాయ, కాఫీ, వక్కపొడి, టూత్‌పేస్ట్ అయ్యాక కనీసం గంట ఆగండి. టిఫిన్‌కీ భోజనానికీ మధ్య పదిన్నర, పదకొండు గంటలు మంచి సమయం. ఒక టీకీ ఇంకో టీకీ మధ్య గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించి, ఉప్పు లేని మరమరాలు నాలుగు నమిలితే చాలు.

ఒక పూటకు ఐదు టీలు దాటొద్దు. ఏ ఐదు తీసుకున్నా మెత్తటి వాసనలు ముందు, మొండివి వెనక: మామూలు గ్రీన్ టీ, జాస్మిన్, గులాబీ, నిమ్మగడ్డి, ఎర్ల్ గ్రే (బెర్గమాట్ వాసన పట్టించిన బ్లాక్ టీ), మసాలా. పుదీనా, పొగ పట్టిన లాప్సాంగ్ సూషాంగ్ చివర్లోనే. పుదీనా నోట్లో చల్లదనం పరిచేశాక తర్వాతి టీలన్నీ ఒకటేలా అనిపిస్తాయి.

ప్యాకెట్ వెనక వైపు చదవడం కూడా రుచి చూడడంలో భాగమే. కలిపిన పదార్థాలను బరువు తగ్గే వరసలోనే ముద్రించాలన్నది నిబంధన. నిమ్మగడ్డి, మందార ముందుండి గ్రీన్ టీ మూడోదిగా ఉంటే, మీరు తాగబోయేది కనీసం మూడింట రెండు వంతులు కషాయం. లెమన్ ఐస్ టీ పొడుల్లో చాలావాటికి మొదటి పదార్థం చక్కెరే. వాటిని ఆకు టీలతో ఒకే వరసలో కూర్చోబెట్టొద్దు. సువాసన సహజమా, నేచర్ ఐడెంటికలా (సహజమైనదానిలాంటిదే, కానీ ల్యాబ్‌లో చేసింది), కృత్రిమమా అన్నదీ అక్కడే ఉంటుంది. కృత్రిమం అనగానే మార్కులు కోసేయకండి, ముందు కప్పు చూడండి.

పొడి ఆకును తెల్ల కాగితం మీద పలచగా పరవండి. ఆకు ఎంత, నూక ఎంత, పుల్లలెన్ని, పూరేకులెన్ని? గులాబీ రేకులు, నీలంరంగు కార్న్‌ఫ్లవర్ రేకులు ఎక్కువగా కంటికే. అనుమానముంటే రేకుల్ని ఏరి, వాటిని మాత్రమే వేడినీళ్లలో ఐదు నిమిషాలు నాననివ్వండి. ఆ నీళ్లకు రుచి లేకపోతే ప్యాకెట్ మీది "నిజమైన గులాబీ రేకులతో" అన్న మాటకు ఎంత విలువివ్వాలో తేలిపోతుంది. తర్వాత కప్పును వేడినీళ్లతో తొలిపి, పారబోసి, ఆ వెచ్చటి కప్పులో ఆకు వేసి నిమిషం మూత పెట్టి వాసన చూడండి. చల్లటి ప్యాకెట్‌లో దాగిన పాత గోనెసంచి వాసన, అట్టపెట్టె వాసన అప్పుడు బయటికొస్తాయి.

ప్రతి టీనీ రెండు కప్పులు కాయాలి. మొదటిది పరీక్ష కప్పు. టీ రుచి చూసేందుకు ఐఎస్‌ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 1980లో వచ్చింది, 2019లో సవరించారు. 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, అప్పుడే మరిగిన నీళ్లు, మూత పెట్టి 6 నిమిషాలు. గ్రీన్ టీకైనా ఇదే పెట్టండి. కప్పు చేదుగా, కటువుగా వస్తుంది, రావాలి కూడా. ఇది లోపాలు బయటపెట్టడానికే, తాగి ఆనందించడానికి కాదు. రెండోది ప్యాకెట్ చెప్పిన పద్ధతిలో కాచింది. మార్కులు రెండోదానికి, అనుమానాలు మొదటిదానికి.

ప్యాకెట్ ఏమీ చెప్పకపోతే 150 మిల్లీలీటర్లకు 2 గ్రాములు తీసుకోండి. గ్రీన్ టీకి 75 నుంచి 80 డిగ్రీలు, 2 నిమిషాలు. ఊలాంగ్‌కి (గ్రీన్‌కూ బ్లాక్‌కూ మధ్య రకం) 90 డిగ్రీలు, 3 నిమిషాలు. బ్లాక్ టీకి మరిగిన నీళ్లు, 3 నుంచి 4 నిమిషాలు. థర్మామీటర్ లేకపోతే రెండు వంతులు మరిగిన నీళ్లకు గది వేడిమిలోని నీళ్లు ఒక వంతు కలిపితే దాదాపు 77 డిగ్రీలు వస్తుంది. మూడుకు ఒకటి కలిపితే 82 దాటుతుంది. నీళ్లు కలిపాకే ఆకు మీద పోయండి.

వీటి పక్కన ఇంకో కప్పు తప్పకుండా ఉండాలి: సువాసన లేని మామూలు ఆకు. జాస్మిన్ గ్రీన్ టీకి మామూలు గ్రీన్ టీ, ఎర్ల్ గ్రేకి మామూలు ఆర్థొడాక్స్ (గింజలుగా కాకుండా ఆకును చుట్టి చేసే) బ్లాక్ టీ. ఈ తోడు కప్పు లేకపోతే ఏ రుచి ఆకుదో, ఏది సువాసనదో ఎంత అనుభవమున్నా తడబడతారు.

వడకట్టాక తడి ఆకును బోర్లించిన మూత మీదకు తీసి వాసన చూడండి. ఆ తర్వాత చెంచాతో తీసుకుని గట్టిగా జుర్రండి. చిన్నప్పుడు తిట్లు తిన్న శబ్దమే, ఇక్కడ మాత్రం అవసరం. గాలితో కలిసి టీ తుంపరలై నోరంతా పడుతుంది, వాసన అంగిలి వెనక నుంచి ముక్కుకెక్కుతుంది. ఇప్పుడు ముక్కు మూసుకుని ఇంకో గుక్క జుర్రండి. ముక్కు మూస్తే మాయమైనదంతా సువాసన. మిగిలిన చేదు, పులుపు, తీపి, వగరు నాలుకకూ నోటికీ తెలిసేవి. "తియ్యటి వనిల్లా టీ" అన్న చాలా టీల్లో ముక్కు మూయగానే తీపి అన్నది లేకుండా పోతుంది.

వగరును పట్టుకోవడంలో మనకు కొంత వెసులుబాటుంది, ఉగాది పచ్చడితోనే ఆ మాట నేర్చుకుంటాం. అది రుచి కన్నా స్పర్శకు దగ్గర. ఆకులోని పాలీఫినాల్స్ లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేయడంతో నోరు బిగుస్తుంది. మంచి టీ వగరు మామిడి పిందె కొరికినట్టు చురుక్కుమని, లాలాజలం ఊరగానే విడిపోతుంది. ఎక్కువసేపు నానిన టీ వగరు పచ్చి అరటికాయ నమిలినట్టు పళ్లకు పట్టేసి ఉండిపోతుంది. రివ్యూలో "వగరుగా ఉంది" అని ఆపకుండా ఎంతసేపు నిలిచిందో రాయండి.

అసలు పరీక్ష చల్లారేటప్పుడు. ప్రతి కప్పునూ మూడుసార్లు రుచి చూడాలి: వేడిగా 60 డిగ్రీల దగ్గర, గోరువెచ్చగా 45 దగ్గర, పూర్తిగా చల్లారాక. ఎర్ల్ గ్రేనే తీసుకోండి. దాని సువాసన బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె. ఆ పండు ఎక్కువగా ఇటలీలోని కలాబ్రియాలో పండుతుంది. వేడి కప్పులో కమలా తొక్క గిల్లినట్టు వాసన ముక్కుకు తగులుతుంది, ఆకు జాడ ఉండదు. 45కి దిగేసరికి వగరు, అస్సాం ఆకైతే మాల్ట్ లాంటి చిక్కదనం పైకి తేలతాయి. చల్లారాక మంచిదైతే తొక్క చేదు సన్నగా మిగిలి నోరు శుభ్రంగా ఉంటుంది. నాసిదైతే సబ్బు నురగ, తడి కాగితం గుర్తొస్తాయి. చల్లారిన బ్లాక్ టీ మసకబారితే కంగారు పడకండి. కెఫీన్, బ్లాక్ టీకి రంగునిచ్చే థియాఫ్లావిన్లు కలిసి అలా తెరలు కడతాయి, అది చిక్కటి ఆకుకు గుర్తు.

సబ్బు రుచి సాధారణంగా సువాసన నూనె మోతాదు మించడం వల్ల. బెర్గమాట్, గులాబీ, లావెండర్‌లలో ఎక్కువ. తక్కువ ఆకుతో మళ్లీ కాచి చూడండి, తగ్గితే మోతాదు సమస్యే. దగ్గు మందు గుర్తొస్తే చెర్రీ, స్ట్రాబెర్రీ లాంటి కృత్రిమ పండ్ల వాసనల పని. పొడి ఆకు ఘుమఘుమలాడి కప్పులో ఏమీ లేకపోతే సువాసన ఆకు పైపైనే ఉండి ఆవిరితో పోయింది. కాచేటప్పుడు మూత పెట్టారో లేదో ముందు చూసుకోండి. దాల్చినచెక్క పొడి ఎక్కువున్న టీబ్యాగుల్లో అడుగున జిగురు కనిపిస్తుంది. దాల్చినచెక్క తత్వమే అది, కల్తీ కాదు.

పాలటీ కోసం చేసిన యాలకుల టీ, అల్లం టీ, మసాలా సీటీసీలను ముందు పాలు లేకుండా చూసి, ఆ తర్వాత పాలతో చూడాలి. 100 మిల్లీలీటర్ల నీళ్లు మరిగాక రెండున్నర గ్రాముల పొడి, రెండు నిమిషాలు. 50 మిల్లీలీటర్ల వేడి పాలు పోసి ఒక్క పొంగు. చక్కెర వద్దు. ఇరానీ చాయ్‌లా గంటలకొద్దీ మరిగిస్తే సువాసన వంటింటికి పోతుంది, కప్పులో పొడి మిగులుతుంది. దీని తోడు కప్పు ఏమిటంటే, ఇంట్లో ఉన్న మామూలు సీటీసీలో ఒక యాలక్కాయ దంచి వేసి అదే కొలతల్లో కాచినది. చాలా ఫ్లేవర్ ప్యాకెట్లు ఈ పోటీలోనే ఓడిపోతాయి. నిమ్మ, మందార టీల్లో పాలు పోయకండి, విరుగుతాయి.

జాస్మిన్ టీకి ఇంట్లోనే కొలబద్ద తయారు చేసుకోవచ్చు. చైనాలో ఫుజియాన్ వాళ్లు ఆకుకు పట్టించేది మన మల్లె జాతి పువ్వునే. రాత్రి విచ్చే మొగ్గల్ని ఆకుతో కలిపి, పొద్దున జల్లించి తీసేస్తారు, మంచి రకాలకు కొత్త పూలతో మళ్లీ మళ్లీ చేస్తారు. కాబట్టి ప్యాకెట్‌లో ఎండిన పూలు ఎక్కువుంటే టీ గొప్పదని కాదు. మీరు 20 గ్రాముల మామూలు గ్రీన్ టీ, మందు కొట్టని ఇంటి మల్లె మొగ్గలు 20 గ్రాములు సాయంత్రం తీసుకోండి. పొడి డబ్బాలో ఒక వరస ఆకు, పలచటి గుడ్డ, ఒక వరస మొగ్గలుగా పేర్చండి. పొద్దున పూలు తీసేయండి, ఆకు తేమ పీల్చి మెత్తబడి ఉంటుంది. 60 డిగ్రీల ఒవెన్‌లో తలుపు కాస్త తెరిచి ఆకు పెళపెళలాడే దాకా ఆరబెట్టి, వారంలో వాడేయండి. దాని పక్కన పెట్టి కొన్నదాన్ని తాగితే పూల వాసనకూ సెంటు వాసనకూ తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

రెండు టీలకు నిజంగా తేడా ఉందో లేదో తేలకపోతే మూడు కప్పుల పరీక్ష పెట్టండి. ఇంట్లో ఎవరితోనైనా రెండింటిలో ఒకే టీ, మూడోదానిలో వేరేది పోయించి, కప్పుల అడుగున గుర్తు పెట్టించండి. వేరేదాన్ని మీరు పట్టుకోవాలి. ఇలా నాలుగుసార్లు చేయండి. నాలుగుసార్లూ గుడ్డిగా సరిగ్గా చెప్పే అవకాశం 81లో ఒకటి. తప్పుతుంటే "దానికన్నా ఇది మేలు" అని రాయకండి.

రాసేటప్పుడు "బాగుంది", "రిఫ్రెషింగ్" అన్న మాటలు చదివేవాడికి ఏమీ చెప్పవు. ఇలా ఉంటే పనికొస్తుంది: "గులాబీ గ్రీన్ టీ, 2 గ్రాములు, 150 మిల్లీలీటర్లు, 78 డిగ్రీలు, 2 నిమిషాలు. పొడి ఆకులో రోజ్ మిల్క్ సిరప్ వాసన. వేడిగా గులాబీ తప్ప ఏమీ లేదు. గోరువెచ్చగా ఉడికిన పాలకూర ఛాయ. చల్లారాక చేదు మిగిలి పది నిమిషాలు వదల్లేదు. రెండోసారి కాస్తే గులాబీ పూర్తిగా పోయింది. తేనె వేసుకునేవాళ్లకు నడుస్తుంది." ఆ కాచిన వివరాలు లేకపోతే మిగతాదంతా అభిప్రాయమే.

ధరను కప్పు లెక్కన చెప్పండి. వంద గ్రాములు 400 రూపాయలైతే, 2 గ్రాముల కప్పు 8 రూపాయలు. 2 గ్రాముల బ్యాగులు పాతిక ఉన్న పెట్టె 200 రూపాయలైనా అదే 8. రెండోసారి కాచినప్పుడూ తాగేలా ఉంటే సగానికి దిగినట్టే.

మిగిలిన ఆకును మసాలా డబ్బాల దగ్గర పెట్టకుండా, గాలి చొరని రేకు కవర్లో, తెరిచిన తేదీ రాసి దాచండి. నెల తర్వాత అదే కొలతల్లో ఒక కప్పు కాచి, రివ్యూ కింద ఇంకో వరుస చేర్చండి. పైపైన చల్లిన నిమ్మ, నారింజ వాసనలు ఈ నెలలోనే ఆరిపోయి, తొక్క నూనె పాతబడితే వచ్చే పెయింటు డబ్బా వాసన మొదలవుతుంది. ప్యాకెట్ సగంలో ఉండగానే అలా అయితే, కొనేవాళ్లకు చిన్న ప్యాకెట్ చాలని చెప్పండి.